కర్రికి మొదటి ముద్ద

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం బూడిద చల్లినట్టుంది. మబ్బు కాదు, దుమ్ము. ముందురోజు సాయంత్రం గాలి లేచి, ఎండిన పెన్నా ఇసకను ఊరి మీదికి తెచ్చి పోసింది. సూర్యుడు పైకి వచ్చాడో లేదో తెలియలేదు గానీ గేటు ఇనుము అప్పటికే వెచ్చబడింది. వానకు ముందు ఆకాశం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇది దేనికి ముందుదో తెలియలేదు.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక అపార్ట్‌మెంటుకు నేను వాచ్‌మన్‌ని. మాది చాపాడు దగ్గర పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. మంద పోయాక ఇటు వచ్చాం. మెట్ల కింద గదిలో నేను, నా భార్య భువనేశ్వరి, కూతురు సుమతి. భువనేశ్వరి పై ఇళ్లలో అంట్లు తోముతుంది. సుమతి ఆరో తరగతి అయిపోయి సెలవుల్లో ఉంది. మాతో పాటు కర్రి.

కర్రి నల్లటి ఆడకుక్క. అపార్ట్‌మెంటు కట్టినప్పుడు మిగిలిన ఇసక కుప్పలో దొరికింది. అప్పుడే కళ్లు తెరిచిన పిల్ల. నాకు కుక్కను ఒక్క రకంగానే పెంచడం తెలుసు. మంద దగ్గర పెంచినట్టు. తల నిమరకూడదు. ఒళ్లో పెట్టుకోకూడదు. గొర్రెపిల్లల మధ్యన పడుకోబెట్టాలి, వాటి వాసనే దానికి ఇల్లు కావాలి. ఇక్కడ గొర్రెపిల్లలు లేవు. గేటు లోపల పిల్లలు ఆడుకునే చోట గోనె పరిచి పడుకోబెట్టాను. అది అక్కడే పెరిగింది.

ఇంకొకటి. మంద దగ్గర సంగటి దించాక మొదటి ముద్ద కుక్కకు. అది నోరు పెట్టేదాకా ఎవరూ పళ్లెంలో చెయ్యి పెట్టరు. ఎందుకని మా నాయనను నేను అడగలేదు. ఆయన వాళ్ల నాయనను అడిగి ఉండడు.

మూడో అంతస్తు త్రివిక్రమరావు సార్‌కు ఇది పెద్ద వినోదం. ట్రెజరీలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ. సాయంత్రం నడకకు దిగేటప్పుడు మా గది ముందు ఆగేవాడు.

"ఏమయ్యా తిరుపాలూ, కుక్కకు నైవేద్యం అయిందా?"

"ఇంకా లేదు సార్."

"కానీ, కానీ. నేను దేవుడికి పెట్టి తింటా, నువ్వు కుక్కకు పెట్టి తింటావు. మనిద్దరికీ పడేది మిగిలిందే."

భువనేశ్వరి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆయన నవ్వించడానికే అనేవాడు. అందులో చెడ్డ లేదు.

ఆయన కొడుకు అనంతకృష్ణ, కోడలు పులివెందులలో బ్యాంకులో పనిచేస్తారు. వాళ్ల పాప రమ్యశ్రీ రెండో తరగతి. సెలవులకు తాత ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి సుమతి వెనకాలే తిరుగుతోంది. ఇద్దరూ సంపు మూత మీద కూర్చుని చింతగింజలతో ఆడేవాళ్లు. కర్రి వాళ్లకు కాస్త దూరంలో, గేటు వైపు తల పెట్టి పడుకునేది.

ఆ ఆదివారం సాయంత్రం అనంతకృష్ణ కూతుర్ని చూడటానికి వచ్చాడు. కాసేపుండి, పాపను తన తండ్రి స్కూటరు మీద ముందు కూర్చోబెట్టుకుని నన్నారి సోడా తాగిస్తానని గేటు దాటబోయాడు. కర్రి లేచింది. మొరగలేదు. పోయి బండి ముందర అడ్డం నిలబడింది. ఆయన హారన్ కొట్టాడు. కదలలేదు. కాలితో అదిలించాడు. అది ప్యాంటు పట్టుకుని వెనక్కి లాగింది. బండి పక్కకు ఒరిగింది. పాప ఏడ్చింది. నేను మోటారు గదిలోంచి పరిగెత్తి వచ్చేసరికి ఆయన ప్యాంటు మోకాలి కింద చినిగి వేలాడుతోంది. ఒంటికి పన్ను తగల్లేదు.

"సొంత కూతుర్ని తీసుకుపోడానికి ఈ కుక్కను పర్మిషన్ అడగాల్నా?" అన్నాడు. కోపమో భయమో తెలియలేదు.

పొద్దుగుంకేలోపు ఆ సంగతి అందరి ఫోన్లలోకీ పోయింది. త్రివిక్రమరావు సార్ దిగి వచ్చాడు. ఆ రోజు నైవేద్యం మాట ఎత్తలేదు.

"రేపటికి ఇది ఈడ ఉండకూడదు. మునిసిపాలిటీ వాళ్లకు చెప్పమంటావా, నువ్వే చూస్తావా?"

"నేనే చూస్తా సార్."

సుమతి తలుపు సందులోంచి మా ఇద్దర్నీ చూస్తోంది. నేను చూడగానే లోపలికి పోయింది.

మావాళ్లు కుక్కను కొట్టి తరమరు. వద్దనుకుంటే గోతంలో ఎత్తి నీళ్లు దాటిస్తారు. దారి కనపడకూడదు, ఏరు అడ్డం పడాలి, అప్పుడు తిరిగి రాదని నమ్మకం. కొత్త చోట ఒక ముద్ద పెట్టి, అది తింటుండగానే వచ్చేయాలి. వెనక్కి చూడకూడదు. సోమవారం పొద్దున అట్లాగే కర్రిని గోతంలో ఎత్తాను. అది పెనుగులాడలేదు. నేను చేసేది ఏదయినా పనే అయి ఉంటుందని దాని నమ్మకం.

షాహుల్ ఆటో తెచ్చాడు. మా వీధి మొదట్లోనే అతని స్టాండు.

"అన్నా, గోతంలో ఏముందని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల?"

"కుక్కని చెప్పు."

"ఎలక్షన్లప్పుడు అయితే నమ్మరన్నా. విప్పి చూసేదాకా వదలరు."

మైలవరం దాకా అతనొక్కడే మాట్లాడాడు. డ్యాములో నీళ్లు బాగా లోపలికి పోయి, తడి ఆరిన నేల మీద పచ్చిక మొలిచి ఉంది. ఎండాకాలం అక్కడే మా బామ్మర్ది చెన్నకేశవ మంద దించుతాడు. గోతం విప్పితే కర్రి బయటికి వచ్చి ఒళ్లు దులుపుకుని గొర్రెల వైపు చూసింది. పట్నంలో పుట్టిన పిల్ల మొదటిసారి బర్రెను చూసినట్టు చూసింది.

"ఊర్లో మంద కుక్కను సాకితే అది దేన్ని కాయాల బావా?" అన్నాడు చెన్నకేశవ.

నేను ముద్ద పెట్టాను. వెనక్కి చూడకుండా వచ్చి ఆటో ఎక్కాను.

ఆ వారం గేటు దగ్గర నిశ్శబ్దం. కొరియరు కుర్రాళ్లు నేరుగా లిఫ్టు దాకా పోయేవాళ్లు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చుకునేటప్పుడల్లా ఒక పొట్లం కర్రికని వేరే కట్టించేది సుమతి. ఇప్పుడు ఏదీ అడగడం లేదు. రాత్రిళ్లు ముద్ద తుంచి అట్లాగే పెట్టుకుని కూర్చునేది. కుక్క లేదని దిగులనుకున్నాం.

శుక్రవారం పొద్దున నేను గేటు దగ్గర నీళ్లు చల్లుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"నాయనా, కుక్కకు పిచ్చి ఉంటే ఎట్లా తెలుస్తాది?"

"యాల?"

"ఊరికే."

బక్కెట్టు కింద పెట్టాను. సుమతి కాలి బొటనవేలితో నేల గీకుతోంది.

"రమ్యను కొరికింది."

"ఎప్పుడు?"

"ఆ పొద్దే. వాళ్ల నాన్న రాకముందు. మద్యానం సేమియా ఐస్ బండి వచ్చినాది గదా, రమ్య గేటు దాటి ఉరికింది. లారీ వస్తాంది. కర్రి పోయి కాలి కాడ పట్టుకున్యాది. రక్తం కొంచమే వచ్చింది. మేము ట్యాపు కింద కడుక్కున్యాం. చెప్తే కర్రిని చంపుతారని రమ్య ఒట్టు పెట్టించుకున్యాది. సాయంత్రం వాళ్ల నాన్న ప్యాంటు చినిగినాక ఇంకా భయమేసింది." ఆగింది. "నిన్న టీవీలో చూపించినారు నాయనా. కుక్క కరిచిన పిల్లోడు నీళ్లు చూసి అరుస్తాండాడు."

గదిలోకి పోయి భువనేశ్వరికి చెప్పాను. ఆమె చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది.

"పైకి పోయి చెప్తే ఈ గది ఉండదు," అంది. నేనేమీ అనకముందే గిన్నె దించి, "పో. నువ్వు పోకుంటే నేను పోతా," అంది.

మూడో అంతస్తుకు లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు. మెట్లెక్కాను. త్రివిక్రమరావు సార్ సోఫాలో పేపరు చదువుతున్నాడు. ఆయన భార్య సీతాలక్ష్మమ్మ పాపకు జడ వేస్తోంది. చెప్పులు విడిచి గడప బయటే నిలబడి చెప్పాను. సుమతి చెప్పినంతే, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేకుండా.

జడ సగంలో ఆగింది. పాప కిందికి చూసింది.

"ఏ కాలు?" అన్నాడాయన.

పాప ఎడమ కాలు ముందుకు పెట్టింది. మడమకు కాస్త పైన రెండు చుక్కలు, పొక్కులు రాలిన గుర్తులు. సీతాలక్ష్మమ్మ ఆ కాలు రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

నేను ఆ చోటు చూశాను. మందలోంచి తప్పించుకునే గొర్రెను కుక్క అక్కడే పట్టి తిప్పుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పిచ్చికుక్క కూడా అక్కడే పట్టొచ్చు. అంతకు ముందు నెల రోజుల్లో వీధి కుక్కలతో కర్రి ఎన్నిసార్లు కొట్లాడిందో నేను గమనించలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప కాలు చూసి, మమ్మల్నందర్నీ చూసింది.

"ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెడతాను. ఆలస్యమయింది, కానీ మానకూడదు. కుక్క ఏది? కరిచినప్పటి నుంచి పది రోజులు అది బతికి, బాగుంటే భయం లేనట్టే. దాన్ని చూస్తూ ఉండండి."

"కుక్కను మేమే పంపించేసినామండీ," అన్నాడు త్రివిక్రమరావు సార్.

మేమే అన్నాడు. నా వైపు చూడలేదు.

పాప మొదటి సూదికి ఏడవలేదు. గాయం చుట్టూ పొడిచినప్పుడు మాత్రం, "తాతా, కర్రిని ఏమనద్దు," అని ఏడ్చింది.

కర్రిని తేవడానికి షాహుల్ ఆటోలో నేనొక్కణ్నే పోతానన్నాను. త్రివిక్రమరావు సార్ వినలేదు. ఇంటి నుంచి పెద్ద సీసాతో నీళ్లు తెచ్చుకున్నాడు. ఆయన బయట నీళ్లు ముట్టడు, ఎక్కడికి పోయినా ఆ సీసా చేతిలో ఉంటుంది. జమ్మలమడుగు రోడ్డు ఎక్కామో లేదో ఫోను మోగింది. ఆయన పేరు చూసి, కాసేపు మోగనిచ్చి, ఎత్తాడు.

"ఆఁ, అనంతూ... బాగుంది. ఆడుకుంటాంది... లేదు, నేను బయట ఉండా, పనిమీద... రేపు చేయి." ఫోను జేబులో పెట్టుకుని, ఎండ వైపు చూస్తూ, "దొరికినాక చెప్తా," అన్నాడు. షాహుల్ అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ రోజు షాహుల్ కూడా మాట్లాడలేదు.

మైలవరంలో చెన్నకేశవ మమ్మల్ని దూరం నుంచే చూసి ఎదురొచ్చాడు. నా ముఖం చూసి విషయం అడగలేదు.

"కుక్క లేదు బావా. నువ్వు పోయిన పొద్దే తాడు కొరికి పోయింది. గొర్రెల్లోకి తోలితే వాసన చూసి పక్కకు పోయింది. దాని లెక్కలో ఇవి గొర్రెలే కావు."

"యాపక్క పోయింది?"

"కట్ట పక్క. నీకు ఫోను చేద్దామనుకున్యా. కుక్కే గదా అని ఊరకుండిపోయినా."

చెన్నకేశవ భార్య మజ్జిగ తెచ్చింది. త్రివిక్రమరావు సార్ చేతులు జోడించి, "ఇంట్లో తాగే వచ్చినానమ్మా," అన్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. లోటా షాహుల్‌కు ఇచ్చింది.

కట్ట మీద, కాలువ వెంట, చేపలు పట్టేవాళ్ల గుడిసెల దగ్గర అడిగాం. నల్ల కుక్కా? రోజూ ఎన్నో తిరుగుతుంటాయి అన్నారు. జమ్మలమడుగు వైపు తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన నల్లగా పడి ఉంది. మీద ఈగలు. షాహుల్ తనంతట తనే ఆపాడు. నేను దిగాను. ఆటో నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. నా కాళ్లు మాత్రం ఇసకలో నడిచినట్టు నడిచాయి. ఆయన ఆటో కడ్డీ పట్టుకుని కూర్చునే ఉన్నాడు, తల పక్కకు తిప్పుకుని.

"కాదు సార్. ఇది మగది," అన్నాను.

ఆయన తల ఊపాడు. కడ్డీ వదలలేదు.

జమ్మలమడుగులో షాహుల్ మేనత్త ఖమ్రున్నీసా ఇల్లుంది. ఎండ తిరిగేదాకా అక్కడ కూర్చుందామన్నాడు. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. షాహుల్‌ను చూడగానే అందుకుంది.

"రా బేటా, సమయానికి వచ్చినావు. మా సందుకు పోలీసు వచ్చినాడు, చూసిపో. యాడిదో ఒక నల్ల కుక్క. మంగళవారం నుంచి సందు మొదట్లో పండుకోనుండాది. పిల్లోల్లను రోడ్డు మీదికి పోనీదు. మా మనవడు బంతి కోసం పోతే చొక్కా పట్టి ఈడ్చుకొచ్చింది. కరవదు, వదలదు. ఏం బలా ఇది నాయనా!"

నేను అప్పటికే లేచాను. త్రివిక్రమరావు సార్ నాకంటే ముందు నడుస్తున్నాడు.

సందు మొదట్లో వేపచెట్టు నీడలో పిల్లలు గోళీలు ఆడుతున్నారు. వాళ్లకు కాస్త దూరంలో, రోడ్డు వైపు తల పెట్టి, కర్రి.

నాలుక అంగిలికి కొట్టి మంద పిలుపు పిలిచాను. చెవులు లేచాయి. నన్ను చూసింది. తోక ఒకసారి నేలకు కొట్టింది. లేచి రాలేదు. పిల్లల వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. కాపలా వదిలి రమ్మంటున్నానా అని అడిగినట్టుంది. దాని మెడ మీద తాడు ముక్క ఇంకా ఉంది. బక్కచిక్కి ఉంది. నోటి చివర తడి కనిపించింది. ఎండకు ఏ కుక్కకయినా కారుతుంది. ఆ తడి చూడగానే నేను అడుగు ఆపాను.

"నీళ్లు," అన్నాడాయన నా చెవి దగ్గర. "తాగుతుందేమో చూడు." సీసా నా చేతికిచ్చాడు.

గోడ పక్కన కొబ్బరిచిప్ప ఉంటే దాన్లో పోసి ముందుకు జరిపాను. కర్రి చిప్పను చూసింది. వాసన చూసింది. తల పక్కకు తిప్పింది.

తర్వాత తాగింది. చిప్ప నేలకు గీసుకుపోయేదాకా తాగింది. మళ్లీ పోశాను. మళ్లీ తాగింది. సీసా ఖాళీ అయింది.

ఆయన గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇంటికి ఫోను చేసి, "తాగింది," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

నేను కర్రిని తాడుతో పట్టుకుంటే పిల్లలు చుట్టూ చేరారు. ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు.

"తీసుకపోతారా?" అంది ఖమ్రున్నీసా. "ఉండనీకూడదా?"

"ఇంతసేపు తిట్టింది నువ్వే గదా అత్తా," అన్నాడు షాహుల్.

"తిట్టినాలే. తిట్టుకుంటే ఏమైతాది?" ఆమె లోపలికి పోయి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చింది. "పెద్దాయన ముఖం చూడు, ఎట్లా పీక్కపోయిందో. తాగప్పా."

త్రివిక్రమరావు సార్ చేతిలోని ఖాళీ సీసాను చూశాడు. చెంబును చూశాడు. తీసుకుని, ఎత్తి గటగటా తాగాడు. చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు, "చల్లగా ఉండాయమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం కొడుక్కు ఫోను చేశాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. శనివారం పొద్దున అనంతకృష్ణ భార్యతో సహా దిగాడు. నేరుగా మెట్ల కిందికి వచ్చి, గొలుసుతో కట్టేసిన కర్రి ముందర నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"తింటాందా?" అన్నాడు.

"తినింది సార్."

ఆయన పై నుంచి ఒక కుర్చీ తెచ్చుకుని అక్కడే వేసుకున్నాడు. ఆ రోజంతా తండ్రితో మాట్లాడలేదు.

ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. కర్రిని పంపించెయ్యమని ఫోన్లలో రాసినవాళ్లే పొద్దున లేచి పళ్లపొడి నోటితో దిగి వచ్చి, "కర్రి తినిందా?" అని అడిగేవాళ్లు. ఆఫీసుకు పోయేవాళ్లు బండి ఆపి చూసిపోయేవాళ్లు. ఎవరో పాలపాకెట్టు, ఎవరో ఉడికించిన గుడ్డు. దాన్ని అదే మొదటిసారి చూస్తున్నట్టు చూసేవాళ్లు. పాపను పైనే ఉంచారు. ఆమె బాల్కనీ కడ్డీల సందులోంచి చెయ్యి ఊపేది. కర్రి తల ఎత్తి చూసి, సుమతిని కూడా చూసి, మళ్లీ పడుకునేది. ఇద్దర్లో ఒకరు కనపడకపోతే గొలుసు లాగేది.

రాత్రి మేలుకున్నప్పుడల్లా గొలుసు చప్పుడు కోసం విన్నాను. చప్పుడయితే ఎందుకయిందో అని భయం. కాకపోతే ఎందుకు కాలేదో అని భయం.

సోమవారం పొద్దున ముద్ద ముట్టలేదు.

ముద్ద దాని ముందర పెట్టాను. మూతి తిప్పుకుంది. నీళ్లు పెట్టాను. చూడలేదు. కళ్లు సగం మూసుకుని, పొట్ట నేలకు ఆనించి పడి ఉంది. నోటి నుంచి సన్నగా తీగలాగా కారుతోంది. అనంతకృష్ణ కుర్చీలోంచి లేచాడు. భువనేశ్వరి సుమతిని గదిలోకి నెట్టి తలుపు మూసింది. లోపల సుమతి తలుపు కొడుతోంది. మెట్ల మీద ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎవరూ కిందిమెట్టు దిగలేదు. త్రివిక్రమరావు సార్ అందర్నీ దాటుకుని వచ్చి ముద్దను చూసి, నా ముఖం చూసి, గోడ పట్టుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి సీతాలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

"ఏమండీ... తెల్లారకముందు నేను పెరుగన్నం పెట్టినా. గిన్నెడు. పాపం, రాత్రి నుంచి ఆకలిగా ఉంటాదేమోనని."

రెండో అంతస్తావిడ గొంతు సవరించుకుంది. "నేనూ బ్రెడ్డు పెట్టినానండీ. పాలల్లో ముంచి."

"ఉగ్గాని నేనే," అన్నారింకెవరో. "బజ్జీ కూడా."

త్రివిక్రమరావు సార్ గోడ వదిలి నిలబడ్డాడు. "దానికి పిచ్చి లేకపోయినా మీరంతా కలిసి చంపేట్టుండారు!" అని అరిచాడు. మూడేళ్లలో ఆయన గొంతు అంత పెద్దగా నేను వినలేదు. ఒకరిద్దరు నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగింది. పెరుగన్నం పెట్టిన మాట నిజమే, కానీ తినకపోవడానికి అదే కారణమని ఎవరు చెప్పగలరు? అనంతకృష్ణ మళ్లీ కూర్చున్నాడు. తండ్రి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. ఎండ గేటు మీది నుంచి లోపలికి పాకి వాళ్ల కాళ్ల దాకా వచ్చింది. అప్పుడు కర్రి లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కకు పోయి కక్కింది. అన్నం, బ్రెడ్డు, సగం మిరపకాయ బజ్జీ. తర్వాత నీళ్ల దగ్గరికి వచ్చింది.

"తాగుతాంది నాన్నా," అన్నాడు అనంతకృష్ణ. శనివారం నుంచి తండ్రితో అతను మాట్లాడిన మొదటి మాట అది.

డాక్టరమ్మ చెప్పిన గడువు బుధవారం సాయంత్రానికి ముగిసింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అందరికీ తెలుసు. ఎండ దిగాక గాలి కాస్త చల్లగా తిరిగింది. ఆకాశంలో దుమ్ము లేదు. భువనేశ్వరి సంగటి దించి, చెనిగ్గింజల ఊరిబిండి నూరుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడయింది. త్రివిక్రమరావు సార్ పాప చెయ్యి పట్టుకుని దిగి వస్తున్నాడు. వెనక అనంతకృష్ణ, కోడలు. అందరికన్నా వెనక పెరుగు గిన్నెతో సీతాలక్ష్మమ్మ.

ఆయన కర్రి ముందర ఆగాడు.

"ఆ గొలుసు విప్పు తిరుపాలూ."

విప్పాను. కర్రి మెడ దులుపుకుంది. పాప దగ్గరికి పోయి మడమ దగ్గర వాసన చూసింది. పాప కదలకుండా నిలబడింది. కోడలి చెయ్యి ముందుకు వచ్చి, మధ్యలో ఆగిపోయింది. కర్రి తన చోటికి పోయి గేటు వైపు తల పెట్టి పడుకుంది.

"సంఘంలో ఏమన్నా అడిగితే," అన్నాడాయన, "కుక్క నాదని చెప్పు." మా గది ముందరి మెట్టు మీద కూర్చుని, ధోవతి సర్దుకున్నాడు. "భువనేశ్వరీ, సంగటి మాకు సరిపోతుందా?"

భువనేశ్వరి నన్ను చూసింది. నేను పొయ్యి వైపు చూశాను. ఆమె కొంగు బిగించుకుని పళ్లేలు కడగడానికి లేచింది. ఇంట్లో ఉన్నవి చాలక సుమతి పరిగెత్తి పై ఇంటి నుంచి నాలుగు తెచ్చింది. అందరం నేల మీద కూర్చున్నాం, మెట్టు మీద ఆయన. ముద్దలు వేసి, పక్కన ఊరిబిండి పెట్టింది. సీతాలక్ష్మమ్మ ఒక్కొక్క పళ్లెంలో పెరుగు వేసుకుంటూ వచ్చింది, మా పళ్లేల్లో కూడా.

మొదటి ముద్ద తీసుకుపోయి కర్రి ముందర పెట్టాను.

అది తినలేదు. తల ఎత్తి చూసింది. సుమతి ఉంది. పాప లేదు. పాప సంపు మూత మీద చింతగింజలు ఏరుకుంటోంది. పాపను చేత్తో పిలిచాను. వచ్చి సుమతి పక్కన కూర్చుంది.

వెనక్కి తిరిగాను. ఎవరూ పళ్లెంలో చెయ్యి పెట్టలేదు. త్రివిక్రమరావు సార్ చెయ్యి ముద్ద మీద ఆగి ఉంది. వేళ్ల సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. ఆయన చూపు కర్రి మీద ఉంది.

కర్రి మూతి వంచింది.

ఆయన ముద్ద తుంచాడు. అందరం తిన్నాం.